పచ్చకామెర్ల పిల్లి

అప్పట్లో ఒకచోట కూర్చోమంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. డిగ్రీ అయిపోయి, ఆర్మూర్‌లో ఒక పసుపు దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం దొరికింది కానీ, పది నిమిషాలకోసారి లేచి బస్తాల మధ్య తిరిగొచ్చేదాన్ని. అలా తిరుగుతుంటే ఒకరోజు బస్తాల సందులో రెండు పిల్లిపిల్లలు కనిపించాయి. తల్లి జాడ లేదు. ఒకటి అప్పటికే చనిపోయి ఉంది. రెండోదాన్ని చున్నీలో చుట్టుకుని, ఆటోలో పెర్కిట్‌లోని మా ఇంటికి తెచ్చేశాను. ఇదైనా బతకాలని దారిపొడవునా మొక్కుకున్నాను (ఏ దేవుడికి ఏం మొక్కానో ఇప్పుడు గుర్తులేదు). జ్వరమని చెప్పి సెలవు కూడా పెట్టాను.

ఇంటికొచ్చాక అది చేసిన పని ఒక్కటే, నిద్ర. అమ్మ బీడీలు చుట్టే చాటలో పడుకునేది. పాలు తాగుతూ తాగుతూనే గిన్నె అంచు మీద గడ్డం ఆనించి కళ్లు మూసేది. ఊపిరి ఆడుతోందో లేదోనని నేను ముక్కు దగ్గర వేలు పెట్టి లేపేదాన్ని. "జర పండుకోనియ్యరాదే దాన్ని" అని అమ్మ కసిరేది. "నీకు తెల్వదమ్మా, గిట్ల పండుకుంటే ఏదో రోగమున్నట్టే" అనేదాన్ని. దుబాయ్‌లో డ్రైవరుగా చేసే నాన్న అన్నం వేళకు వీడియో కాల్ చేసి, "ఏదీ, పిల్లిని చూపెట్టు బిడ్డా" అంటే మళ్లీ లేపడమే. మూడో రోజుకి అది నా వేలు కనిపిస్తే చాలు కొరికేది. పాలు ముట్టడం మానేసింది. అప్పుడు దాని ముఖం పరీక్షగా చూశాను. పచ్చగా ఉంది! చెవులూ కాళ్లూ కూడా పచ్చగానే ఉన్నాయి (అన్ని రోజులూ చూడలేదా అంటే, నేను చూసింది ఊపిరినే కానీ రంగును కాదు).

పశువుల దవాఖానకు పరుగెత్తాను. గేదెల వెనక నిలబడే ఓపిక లేక, "సార్, పచ్చకామెర్లు! పానం పోతున్నది!" అని అందరినీ తోసుకుని పిల్లిని బల్ల మీద పెట్టేశాను. డాక్టరు దాని కళ్లు, చిగుళ్లు చూశాడు. తర్వాత తడి దూదితో చెవి తుడిచాడు. దూది పచ్చబడింది, చెవి తెల్లబడింది.

"గిది కామెర్లు కాదమ్మా, పసుపు" అన్నాడు. గేదెల వాళ్లంతా ఒకటే నవ్వు. ఎప్పుడూ నిద్రేనని, లేపితే కొరుకుతోందని, పాలు ముట్టడం లేదని నేను చెప్తే, డాక్టరు అడిగాడు: "దినాం ఎన్నిసార్లు లేపుతున్నవ్?"

"లెక్కపెట్టలే సార్."

"గదే రోగం. గింత పిల్లలు పొద్దంత పండుకుంటనే పెరుగుతయ్. నిద్ర సాలకుంటే చిరాకుతోటి కొరుకుతయ్, పాలు గూడ తాగయ్. దానంతటదే లేచినంక పాలు పట్టు. నువ్వు జర దూరం కూసో."

ఇంటికొచ్చి దూరం కూర్చున్నాను. చేతులు ఊరుకోకపోతే తొడల కింద పెట్టుకున్నాను. ఎంతసేపటికో పిల్లి దానంతటదే లేచి, ఒళ్లు విరుచుకుని, గిన్నె ఖాళీ చేసి మళ్లీ పడుకుంది. నేనూ అమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చప్పుడు కాకుండా నవ్వుకున్నాం.

మర్నాడు నాన్న ఫోన్ చేస్తే, "లేపద్దన్నరు బాపూ" అని చెప్పాను. "పండుకున్నదే చూపెట్టు" అన్నాడు. ఫోన్ చాట వైపు పట్టాను. కాసేపటికి అటునుంచి మాట లేదు. తిప్పి చూస్తే, నాన్న గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు. ఆయనకు దొరికే ఆ కాస్త విరామంలో "ఇంకేంది, ఇంకేంది" అంటూ రోజూ మాట్లాడించింది నేనే కదా! అమ్మ తొంగిచూసి, "పిలువకే" అని గుసగుసగా అంది. చెయ్యి తిమ్మిరెక్కినా ఫోన్ కదపలేదు.

డ్యూటీకి పెట్టుకున్న అలారం మోగి ఉలిక్కిపడి లేచిన నాన్న, సిగ్గుగా ముఖం తుడుచుకుంటూ, "ఏం మాట్లాడుకున్నం బిడ్డా?" అని అడిగాడు.

"మస్తు ముచ్చట పెట్టుకున్నం బాపూ" అన్నాను.

ఇన్నేళ్ల తర్వాత కూడా, ఆ అబద్ధం చెప్పిన పిల్లను తలుచుకుంటే నాకు ముద్దొస్తుంది.