బియ్యం గదిలో గురువారాలు

మొన్న ఖమ్మంలో మా మనవరాలు బడి నుంచి వచ్చీరాగానే సంచి సోఫా మీద పడేసి, "అమ్మమ్మా, మా బడికి కౌన్సిలింగ్ మేడం వచ్చింది. రేపు నా వంతు. ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడిస్తదంట. ఏం మాట్లాడాలె?" అని అడిగింది. ఆ గదికి ఏసీ ఉందట, గోడల నిండా సీతాకోకచిలుకలు వేశారట. "తోచింది మాట్లాడు, ఏమీ తోచకపోతే ఊరికే కూర్చో" అన్నాను. ఊరికే కూర్చుంటే మార్కులు తగ్గిస్తారేమోనని దాని అనుమానం. నవ్వాను గానీ, ఆ సాయంత్రమంతా నా ముక్కుకు బియ్యం బస్తాల వాసన తగులుతూనే ఉంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో నేను భద్రాచలంలో కిరాయికుంటూ, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున అడవి ఊళ్ల ఆశ్రమ పాఠశాలలకు తిరిగేదాన్ని. హాస్టల్లో దిగులుపడ్డ పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని మాట్లాడించడం నా ఉద్యోగం. మా ఇంటి ఓనరమ్మ, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డావిడ, ఈ సంగతి విని కాసేపు ఆలోచించి, "మాట్లాడ్డానికే జీతమిస్తారా? అలాగైతే మా చిన్నకోడలికి రెండు జీతాలివ్వాలండీ" అంది. బస్సు కండక్టర్లకు నేను మాటల మేడాన్ని. టేకులపల్లి వైపు ఒక ఆడపిల్లల హాస్టల్లో నాకు విడిగా గది లేక, వార్డెనమ్మ బియ్యం గది తాళం ఇచ్చేది. పైన రేకులు, కింద బస్తాలు, మూలన చింతపండు బుట్ట. ఒక బస్తా మీద నేను, ఎదురు బస్తా మీద పిల్ల. ప్రతి గురువారం అదే మా కచేరీ.

ఒక ఏడు వానాకాలంలో వార్డెనమ్మ ఒక కోయపిల్లను నా దగ్గరికి పంపింది. ఎనిమిదో తరగతి. దాని చెల్లెలు అదే హాస్టల్లో మూడో తరగతిలో ఉండేది. చిన్నదాన్ని బడికి పంపడం తల్లికి ఇష్టం లేకపోయినా, పెద్దదే బతిమాలి, నేను చూసుకుంటానని మాటిచ్చి తెచ్చుకుంది. చిన్నదానికి మలేరియా వచ్చింది. జ్వరం తలకెక్కింది. వాగు పొంగి బస్సులు బందయ్యాయి. ట్రాక్టర్ మీద దవాఖానాకు బయలుదేరితే, వాగు ఒడ్డున నీళ్లు తగ్గేదాకా ఆగవలసి వచ్చింది. నీళ్లు తగ్గకముందే, అక్క ఒళ్లోనే, ఆ పసిది పోయింది. కర్మలు అయ్యాక తండ్రి పెద్దదాన్ని మళ్లీ తెచ్చి దిగబెట్టి వెళ్లాడు. అప్పటి నుంచి అది నోరు విప్పలేదు. "అన్నం పెడితే తింటది, లెమ్మంటే లేస్తది. తిట్టినా ఏడ్వది మేడం. గట్ల చూస్తుంటది. నాకే భయమైతాంది" అంది వార్డెనమ్మ.

హైదరాబాదులో నాకు శిక్షణ ఇచ్చినవాళ్లు పిల్లలతో మాట కలిపే పద్ధతులు చాలానే నేర్పారు. బొమ్మలు గీయించమన్నారు, కథ సగం చెప్పి వదిలేయమన్నారు. నేను సగం సగం చెప్పిన కథలన్నీ ఆ గదిలో అలాగే ఉండిపోయాయి. ఆ పిల్ల గోళ్లతో గోనె పోగులు లాగుతూ కూర్చునేది. కిటికీలోంచి తొంగిచూసే మిగతా పిల్లలను తోలడమే నాకు పెద్ద పనైపోయింది. కొన్ని గురువారాల తర్వాత నేనూ అడగడం మానేశాను.

ఒక మధ్యాహ్నం పెద్ద వాన. రేకుల సందులోంచి నీళ్లు బస్తాల మీద కారసాగాయి. నేను లేచేలోపే ఆ పిల్ల లేచి బస్తా చెవులు పట్టుకుంది. ఇద్దరం కలిసి బస్తాలు పొడి మూలకు ఈడ్చాం. ఆయాసం తీర్చుకుంటూ అక్కడే నేల మీద చతికిలబడ్డాం. అప్పుడు మొదలుపెట్టింది, కోయ భాషలో. రేకుల మీద వాన మోతలో, నా మొహం చూడకుండా, ఆగకుండా చాలాసేపు చెప్పింది. నాకు తెలిసినవి రెండే మాటలు: చెల్లెలి పేరు, ట్రాక్టర్. బయట అరుగు మీద కోయపిల్లలున్నారు, ఎవరిని పిలిచినా అర్థం చెప్పేవారు. పిలవబుద్ధి కాలేదు. దాని గొంతు ఆగాక, "నాకు మీ భాష రాదు బిడ్డా" అన్నాను.

"తెలుసు మేడం. గందుకే చెప్పిన."

తర్వాత తెలుగులో ఒక్క ముక్క అంది. "మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలుస్తలేదు."

దసరా సెలవులకు నేనే దాని వెంట వాళ్ల ఊరెళ్లాను. రోడ్డు దిగి అడవిలో చాలా దూరం నడక. తల్లి పంచలో కూర్చుని అడ్డాకులతో విస్తళ్లు కుడుతోంది. పిల్ల గడప పక్కన సంచి పట్టుకుని నిలబడింది. చిన్నదాని చావులో పెద్దదాని తప్పేమీ లేదని దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ చెప్పాను. సంతలకు తిరిగే ఆమెకు తెలుగు వచ్చు, కుట్టడం ఆపకుండానే విన్నది.

"దాని మీద నాకేం కోపం లేదమ్మా" అంది చివరికి. "చిన్నప్పటి సంది ఇద్దరినీ కలిపే పిలిచిన. ఒకదాని ఎనక ఒకటి రెండు పేర్లూ వస్తయి. ఇప్పుడు ఒక్కదాన్నే పిలవనీకి నోరు తిరుగుతలేదు. అందుకని అసలుకే పిలుస్తలేను."

గడప దగ్గర పిల్ల కదల్లేదు. తల్లి చేతిలోని ఆకు కింద పెట్టింది. నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, పెద్దదాన్ని పేరు పెట్టి పిలిచింది. పేరు తర్వాత ఇంకో పేరుకు ఉండే జాగా అలా ఖాళీగా ఉండిపోయింది. పిల్ల వెళ్లి తల్లి పక్కన కూర్చుని, అప్పుడు ఏడ్చింది. తల్లి దాని తల నిమురుతూ నావైపు చూసింది. "ఇంక దీన్ని పంప. ఒకదాన్ని బడికిచ్చిన, రాలే."

పదో తరగతి దాకా అయినా అని నేనేదో మొదలుపెట్టాను. పిల్లే అడ్డుకుంది. "వద్దు మేడం. నేనిక్కడనే ఉంట."

ఒంటరిగా తిరిగొచ్చాను. "మాట్లాడించమంటే పిల్లను ఇడిచే వచ్చిండ్రా" అంది వార్డెనమ్మ, కోపంగా కూడా కాదు, అలసటగా. ఆమె మంచి మనిషే. ఆ పిల్ల తరగతిలో చురుకైనది, టీచరవుతుందని ఆశపెట్టుకుంది. ఆ తర్వాత కొన్నేళ్లకు సంతలో వాళ్ల ఊరాయన కనబడి, దానికి అడవి అవతల ఊరికి పెళ్లి చేశారని చెప్పాడు. బాగుందా అని అడిగితే, "అవ్, ఉన్నది" అన్నాడు. అంతకుమించి ఆయనకూ తెలియదు.

నేను చేసింది మేలో కీడో తేల్చుకోలేక, ఆ ఉద్యోగం మాత్రం ఇంకా చాలాకాలం చేశాను. ఎంతోమంది పిల్లలు మాట్లాడారు, చాలామంది మాటలు మరిచిపోయాను. ఇరవై ఏళ్లు ఇట్టే గడిచిపోయాయి. ఆ తల్లి నోట ఒక్క పేరు ఒంటరిగా రావడానికి పట్టిన ఆ కాసేపు మాత్రం నాకింకా గడవలేదు.