పసుపు కొమ్ము చురకలు

కడప నుంచి కర్నూలు పోయే బస్సులో నా పక్కన ఒక పెద్దామె, కిటికీ వైపు ఆమె కొడుకు కూర్చున్నారు. మీసాలున్న మనిషి, తల్లి భుజం మీద తల పెట్టి కళ్లు మూసుకున్నాడు. కుదుపుకు చొక్కా పైకి జరిగితే పొట్ట మీద నల్లటి మచ్చలు కనిపించాయి. ఏమిటవని అడిగాను. ఆమె గబుక్కున చొక్కా కిందికి లాగింది.

"చిన్నప్పుడు పచ్చగా కక్కుకుంటాంటే దిష్టనుకొని, కాల్చిన పసుపు కొమ్ముతో నేనే చురకలు పెట్టినా నాయనా. పుట్టుకతోనే పేగు మెలిక పడి ఉండాదని ఇప్పుడు స్కానింగులో తేలింది. రేపు ఈ మచ్చల మీదనే కోస్తారంట."

కొడుకు కళ్లు తెరవకుండానే అన్నాడు: "ఆ చురకలకు నొప్పి శానా తగ్గిందిలేమ్మా."

కర్నూలు వచ్చేదాకా ఆమె తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు.