సుభద్రమ్మ గారి ప్రశ్న

నిన్న రేపల్లె పాసింజరులో నా ఎదురు బల్ల మీద నలుగురు పేక కలుపుతున్నారు. ఆ పరపర చప్పుడు వినగానే తెనాలిలో నేను నర్సుగా చేరిన తొలి ఏడాదీ, డాక్టర్ సుభద్రమ్మ గారూ గుర్తొచ్చారు. అరవైల చివరి రోజులవి.

బస్సు డ్రైవరు కోటేశ్వరరావు నడుం నొప్పికని మొదలుపెట్టిన నల్లమందు మానలేక ఆవిడ దగ్గరకొచ్చాడు. నానా అవస్థా పడి మానేశాడు. మేము సంతోషించేలోపే అతని భార్య వచ్చి, "మందు మానేశాడండి, ఇప్పుడు పొద్దస్తమానం పేకాటేనండి. డ్యూటీకి కూడా పోవట్లేదు" అంది. నాకు ఒళ్ళు మండింది. సుభద్రమ్మ గారికి మాత్రం ఆశ్చర్యం కలిగింది. మర్నాడు అతన్ని పిలిపించి, కుర్చీ దగ్గరగా జరుపుకున్నారు.

"ఆటకి కూర్చునేముందు మీకేమనిపిస్తుంది, కోటేశ్వరరావు గారూ?"

"ఏమీ అనిపించదండి. చెయ్యి ముందెళ్ళిపోద్ది. నాకు తర్వాత తెలుస్తుందండి."

"మరి మందు వేసుకునేటప్పుడో?"

"అప్పుడూ అంతేనండి."

ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ ఆవిడ నాతో అన్నారు: "రెండు జబ్బులనుకున్నాం సరోజినీ. మూలం ఒకటేనేమో. ఆ ఆగలేకపోవడం ఏంటో తెలియాలి." మనసు పేక మీదకి పోయినప్పుడల్లా వచ్చి మా ఆస్పత్రి వరండాలో పావుగంట కూర్చోమని, ఆ తర్వాత కూడా వెళ్ళాలనిపిస్తే వెళ్ళమని అతనికి చెప్పారు. కొన్నిసార్లు లేచి ఆటకే వెళ్ళేవాడు. కొన్నిసార్లు ఇంటికి పోయేవాడు. ఏ రోజు ఎటు వెళ్ళాడో ఆవిడ నన్ను ఆసక్తిగా అడిగేవారు.

ఒకరోజు ఆవిడ ఒక కాన్పు చూడటానికి బాపట్ల వెళ్ళారు. నేను రోగులతో సతమతమవుతుంటే అతను వచ్చి కూర్చున్నాడు. "పేకాటరాయుళ్ళకి ఇదేమన్నా సత్రవా? లేచి వెళ్ళవయ్యా" అన్నాను, అందరి ముందూ. తల వంచుకుని వెళ్ళిపోయాడు. అన్నాళ్ళూ ముట్టని నల్లమందు ఆ రోజే మళ్ళీ వేసుకుని, రేపల్లెలో తన అక్క ఇంట్లో పడి ఉన్నాడని భార్య ఏడుస్తూ చెప్పింది.

బాపట్ల నుంచి తిరిగొచ్చిన సుభద్రమ్మ గారికి జరిగిందంతా చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. అతన్ని అడిగినంత శ్రద్ధగా, "ఆ మాట అనేముందు నీకేమనిపించింది?" అని అడిగారు.

"ఏమీ అనిపించలేదండి. నోట్లోంచి వచ్చేసింది."

అన్నాక గానీ ఏమన్నానో నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఒక్కదాన్నే రేపల్లె వెళ్ళి క్షమించమన్నాను. అతను "రేపొస్తాను సిస్టరు గారూ. కూర్చోనిస్తారా?" అన్నాడు. వచ్చాడు. మందు మళ్ళీ ముట్టలేదు. పేక మాత్రం పూర్తిగా వదల్లేదు. డ్రైవరుగానే రిటైరయ్యాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను. తాగొచ్చినవాళ్ళనీ, ఆటలో జీతం పోగొట్టుకున్నవాళ్ళనీ ఎందుకు చేశారని అడగలేదు. దానికి ముందు క్షణం ఎలా ఉందో చెప్పమన్నాను. చెప్పగలిగినవాళ్ళు తక్కువే. నా సంగతి నేనే ఇంకా సరిగా చెప్పుకోలేను. అయినా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.