గొట్టంలో పుల్ల

లూసియానా చిత్తడినేలల్లో తనతో నలభై ఏళ్లు ఒకే పడవలో బాతులవేటకు వచ్చిన క్లేబెర్ పోయాక, అతని పాత సెమీ ఆటోమేటిక్ తుపాకీ కొనడానికి ఓవీడ్ వచ్చాడు.

ఐదు తూటాలు పట్టే తుపాకీలో మూడే పట్టేలా, తూటాలు నింపే గొట్టంలో పుల్ల పెట్టాలన్నది బాతులవేట చట్టం. క్లేబెర్ ఎక్కువ బాతుల్ని కొట్టినప్పుడల్లా ఓవీడ్, "పుల్ల పీకేశావు కదరా, దొంగవెధవా!" అని దెప్పేవాడు. క్లేబెర్ నవ్వేసి, ఫ్లాస్కులోంచి వేడివేడి కాఫీ పోసిచ్చేవాడు.

"విప్పి చూసుకోండి అన్నయ్యా," అంది క్లేబెర్ భార్య ఎల్మీర్.

ఓవీడ్ గొట్టం మూత విప్పగానే స్ప్రింగుతోపాటు నూనెకు నల్లబడిన చెక్కపుల్ల బయటికొచ్చింది.

"మా పెళ్లినాటి నుంచీ అదే పుల్ల. మీ దాంట్లోది ఎలా ఉందన్నయ్యా?"

ఓవీడ్ ఆ పుల్లను మళ్లీ గొట్టంలోకి దూర్చాడు. నలభై ఏళ్లూ ఐదేసి తూటాలు కూరుకుని, మూడు తూటాలవాడి చేతిలో ఓడిపోతూ వచ్చాడు.