నా చేతి తూకం

నేను అబద్ధాలకోరునని సూర్యాపేటలో నా గొర్రెలకు కూడా తెలుసు. మా పొట్టేలు ఒకటి కోదాడ దాకా పరుగెత్తి, మా అత్తగారి వాకిట్లో నిలబడి మూడుసార్లు అరిచి, పొద్దుగూకేలోగా మందలోకి తిరిగొచ్చిందని నేను చెప్పిన కథ కల్లు దుకాణం దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని నమ్మినవాళ్లు ఇద్దరే. ఒకడు మాకు దూరపు చుట్టం. రెండోవాణ్ని నేను.

నోరు ఎంత అబద్ధమాడినా నా కుడిచెయ్యి ఆడదు. గొర్రెపిల్ల పొట్ట కింద చెయ్యి పెట్టి లేపితే చాలు, ఎంత తూగుతుందో, పోయిన వారం కన్నా ఎక్కిందో తగ్గిందో చెప్పేస్తాను. మా నాయన నేర్పిన విద్య. తక్కెడ తెచ్చి పరీక్ష పెట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్లు తక్కెడను తిట్టుకుంటూ వెళ్లారు గానీ నా చేతిని తప్పుపట్టలేకపోయారు. ఇది మాత్రం కథ కాదు.

ఆ చేతికి అసలైన పని నాకు నలభై దాటాక పడింది. పెళ్లయిన పదహారేళ్లకు మాకు ఆడబిడ్డ పుట్టింది. స్వాతి కార్తె, మంద ఈనుతున్న రోజులు. పురుటికి నా భార్యను కోదాడ పంపాలని బండి కూడా మాట్లాడుకున్నాం. దారుల్లో ఎవరు ఎక్కడ ఆపుతారో తెలియని గడిబిడి కాలమది. ఇవాళ రేపు అనుకుంటుండగానే ఎనిమిదో నెలలో నొప్పులొచ్చాయి. మంత్రసాని బిడ్డను తెచ్చి నా చేతిలో పెట్టింది. చెయ్యి తన పని తాను చేసింది. ఆ పొద్దున పుట్టిన గొర్రెపిల్ల కన్నా తేలిక.

"ఎట్లున్నది?" అని లోపలి నుంచి నా భార్య అడిగింది.

నోరు తెరిచాను. ఒక్క కథ కూడా రాలేదు.

ఎనిమిదో నెల బిడ్డ నిలవదని మంత్రసాని నోటితో అనలేదు, మొహంతో అంది. నాకు బిడ్డల్ని పెంచడం తెలియదు. నెలలు నిండకుండా పుట్టిన గొర్రెపిల్లల్ని పెంచడం తెలుసు. తెలిసిందే చేశాను. గొంగడి మడతల్లో చుట్టి, మూతి ఒక్కటీ బయటికి పెట్టి, కుంపటికి మూరెడు దూరంలో పడుకోబెట్టాను. రొమ్ము పట్టే బలం లేదు కాబట్టి తల్లి పాలు గిన్నెలోకి పిండి, దూది వత్తి ముంచి, చుక్క తరువాత చుక్క పెదవుల మధ్య జార్చాం. పొరుగామె తొంగిచూసి, "గిది మనిషి పిల్లనా, మంద పిల్లనా?" అని నవ్వింది.

"బతికితే ఏ పిల్లయితేంది అక్కా" అంది నా భార్య.

వారానికోసారి పొద్దున్నే బిడ్డను నా అరచేతి మీదికి తీసుకుని లేపేవాణ్ని. నా భార్య వంటింటి గడపలో నిలబడి "ఎంతున్నది?" అని అడిగేది. ఇంట్లో ఉప్పు అయిపోయిందని నేను చెబితే కుండ తీసి చూసుకునే మనిషి, ఆ ఒక్క మాట మాత్రం చూడకుండానే నమ్మేది. గోరంత ఎక్కింది అనేవాణ్ని. ఒక వారం ఎక్కలేదు, నిలిచింది అనేవాణ్ని. నాలుగో నెలలో జ్వరం వచ్చిన వారం "తగ్గింది" అన్నాను. ఆమె ఏడవలేదు. కుంపట్లో మరో నాలుగు బొగ్గులు వేసింది. ఆ రోజు నేను అబద్ధమాడి ఉంటే ఆమె ఇక జన్మలో నన్ను ఏదీ అడిగేది కాదు.

బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. ఇవన్నీ చేసి వాడకట్టుకు పంచడం మన పద్ధతి. మా ఇంట్లో ఆ ఏడాదంతా పొయ్యి మీదికి నూనె మూకుడు ఎక్కలేదు. బిడ్డ నవ్వింది, బోర్లపడింది, గడప దాటింది. ఆలస్యంగానైనా అన్నీ చేసింది. వంటలు మాత్రం నా భార్యే చెయ్యనివ్వలేదు. "పంచితే పదిమంది నోట్ల పడ్తది. జర నిలవనియ్యి" అనేది. తలుపు దగ్గరికి వేసుకుని ఆ నవ్వును మేమిద్దరమే చూసుకునేవాళ్లం, దొంగసొత్తు చూసుకున్నట్టు.

ఏడాది నిండింది. దానితోపాటు పుట్టిన గొర్రెపిల్ల అప్పటికే చూలుకు వచ్చింది. మా పిల్ల ఇంకా నిలబడలేదు. గోడ పట్టుకుని లేస్తుంది, మోకాళ్లు వణుకుతాయి, కూలబడుతుంది. ఆ కాళ్లు నిలుస్తాయా అన్న మాటను మేమిద్దరం ఒకరినొకరం అడగకుండా దాటవేసేవాళ్లం.

అలాంటి రోజుల్లో, దారులు కాస్త నెమ్మదించాక, మిర్యాలగూడ అంగడికి పొట్టేళ్లను తోలుకుపోయాను. అక్కడ కోదాడ నుంచి వచ్చిన మా బామ్మర్ది ఎదురయ్యాడు. నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "బావా, పిల్ల... ఎట్టుంది?" అన్నాడు. పోయినవాళ్ల గురించి అడిగే గొంతు అది. నాకు ఒళ్లు మండింది.

"ఎట్లుంటది? నడుస్తున్నది" అన్నాను.

"నిజంగానా?"

"నడుసుడేంది, ఉరుకుతున్నది. మొన్న మేకపోతు జొన్నచేన్ల పడితే తోక పట్టి గుంజుకొచ్చింది."

"మేకపోతునా బావా!"

"సిన్నదేలే" అన్నాను, వినయంగా.

తొమ్మిదో రోజున మా అత్త దిగింది. గడిబిడి వల్ల ఏడాదిగా మనవరాలి మొహం చూడని మనిషి. మోటారు బస్సు దిగి, నెత్తిన గంపతో ఎండలో నడిచి వచ్చింది. ఆమె కన్నా ముందు అరిసెల వాసన వాకిట్లోకి వచ్చింది. నా భార్య గంపను చూసింది, తరువాత నన్ను చూసింది. పదిహేడేళ్లుగా ఆమె నన్ను కోపంగా చూడటం నాకు అలవాటే. ఆ రోజు ఆ కళ్లలో కోపం లేదు, భయం ఉంది.

అత్త కాళ్లు కడుక్కుని, నేల తుడిచి, అరిసెలను వరసగా పరిచింది. పిల్ల వాటి మీద అడుగులు వెయ్యాలి, ఆ తరువాతే పంచాలి.

"ఏదీ, నడిపించండి. చూడ్డానికే వచ్చా" అంది.

"ఇయ్యాల శుక్రారమత్తా. శుక్రారం నడవది" అన్నాను.

"అట్టాగా."

"పొద్దుగాల నుంచి ఉరికి ఉరికి అలిసింది గూడ."

"శుక్రారం నడవదన్నావుగా అల్లుడా?"

నేను మూడో కథ వెతుక్కుంటుండగా నా భార్య గోడకు ఆనుకుని, "అబద్ధమమ్మా. ఇంక నిలవడనే లేదు. నిలవడ్తదో లేదో గూడ తెల్వది" అంది. ఏడాదిగా దాచిన మాట అలా నేల మీద పడింది.

అత్త నవ్వింది. "నాకు తెలవదటే? మీ ఆయన వానొస్తదంటే నేను వడియాలు పెట్టుకుంటా."

"మరి అరిసెలెందుకు తెచ్చినవే?"

"ఏడాది నించి ఇటు నించి వచ్చినోళ్లందరూ, పిల్ల ఉందమ్మా అని గొణిగి తల దించుకునేవాళ్లే. మొన్న నీ తమ్ముడొచ్చి మేకపోతు కత చెప్పాడు. నిలవని పిల్ల మీద నీ మొగుడు కతలల్లడు. పిల్ల గట్టిపడిందని అప్పుడు తెలిసింది నాకు. ఇవి ఒక్క అడుగులకే కాదే. నవ్విందానికి, బోర్లపడ్డదానికి, అన్నిటికీ."

ఈలోగా పిల్ల గొంగడి మీంచి పాకి వచ్చి, మొదటి అరిసెను రెండు చేతులతో పట్టి, ఉన్న రెండు పళ్లతో కొరికింది. అత్త అప్పుడు కళ్లొత్తుకుంది. కొంగు తీసేసరికి మళ్లీ ఎప్పటి మనిషే. "లే అల్లుడా. ఉరుకుతదన్నావుగా, ఉరికించు. నీ గుర్రపు డెక్కలు మాత్రం అరిసెల మీద పెట్టమాక."

అరిసెలకు అటొక కాలు, ఇటొక కాలు వేసి, బాతులా వంగి, పిల్లను చంకల కింద పట్టుకుని దించాను. ఒక అరిసె మీద ఒక పాదం, రెండో అరిసె మీద రెండో పాదం. బరువంతా నా చేతుల్లోనే ఉంది. మూడోదీ అంతే. నాలుగో అరిసె దగ్గర పాదం కింద అరిసె కొంచెం కుంగింది. నా చేతులు ఆగిపోయాయి. ఏడాదిగా ఎక్కాలని నేను మొక్కిన బరువు నా చేతుల్లోంచి కిందికి, ఆ పుల్లల్లాంటి కాళ్లలోకి దిగుతోంది.

నా భార్య వంటింటి గడపలోకి జరిగి అడిగింది, ఎప్పటిలాగే. "ఎంతున్నది?"

"సగమే నా చేతుల్ల ఉన్నది. సగం అరిసె మీదున్నది."

అయిదో దానికి మోకాళ్లు మళ్లీ వణికి కూలబడింది. అయినా నా భార్య వచ్చి చూడనవసరం లేకపోయింది. నా చెయ్యి చెప్పిన మాటది. నమ్మింది.

పిల్ల ఇంకా నడవలేదు. మేకపోతుకు వచ్చిన భయమేమీ లేదు. ఆ సాయంత్రం మాత్రం నా భార్య అటక మీది నూనె మూకుడు దించి, బూడిదతో తోమి, పిడికెడు పిడికెడుగా మినుములు నానబోసింది.

"ఇగ రేపు గారెలు వండుతనే అమ్మా" అంది. "అది గడప దాటి మూడు నెలలాయె."