అవ్వ కాళ్ల కింద సన్నని వణుకు

శనివారం మధ్యాహ్నం అవ్వ మగ్గం విప్పేస్తారని నాకు గురువారం తెలిసింది. అందుకే ఈ ప్రయాణం. షుగర్ వల్ల అవ్వ అరికాళ్లు మొద్దుబారాయి. గుంత మగ్గంలో కాళ్లు కిందికి వేసి, రెండు చెక్కలను మార్చి మార్చి తొక్కుతూ నేయాలి. కాలు ఏ చెక్క మీదుందో తెలియక తప్పు తొక్కితే బట్ట పాడవుతుంది. ఈమధ్య చాలాసార్లు పాడైందని బాబాయి ఇక చాలన్నాడు. అవ్వకేమో నేయకుండా ఒక్కరోజు గడవదు. పక్కింటి పిండిగిర్ని నడిచిన రోజుల్లో నేల అదిరేదని, అప్పుడు చెక్క కాలికి తెలిసేదని అవ్వ ఒకసారి ఫోన్లో చెప్పింది. గిర్ని మూతపడ్డాకే పొరపాట్లు పెరిగాయి. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను, ఎందుకంటే అచ్చం అలాంటిదే ఇంగ్లిష్‌లో చదివాను. నరానికి అందనంత బలహీనమైన స్పర్శకు, పద్ధతి లేని కొద్దిపాటి వణుకు తోడైతే అది అందుతుందట.

నెల కిందటే డాడీ పాత ఫోన్లు రెండు అడక్కుండా విప్పి, లోపల వణికే బుల్లి మోటార్లు తీశాను. అవి ఎలా పడితే అలా వణికేలా స్కూల్ ల్యాబ్‌లో సర్క్యూట్ కట్టి, అవ్వ సైజు మెత్తని చెప్పుల్లో అమర్చాను. ఇంట్లో స్పెషల్ క్లాస్ అని చెప్పాను. వెళ్లే ఊరి పేరు ఇంట్లో చెప్పలేదు, ఇక్కడా రాయను.

శనివారం పొద్దున ఐదున్నరకు మహబూబ్‌నగర్‌లో హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. తెలిసినవాళ్లెవరైనా ఎక్కుతారేమోనని మొహానికి చున్నీ చుట్టుకుని కూర్చున్నాను. ఉక్కపోస్తుంటే కిటికీ అద్దం ఎంత నెట్టినా జరగలేదు. కండక్టరక్క చూసి, "గట్ల బలం పెట్టకు బిడ్డా. బండి గుంతల పడ్డప్పుడు నూకు, అదే ఒస్తది" అంది. జడ్చర్ల దాటాక రోడ్డు బాగా లేని చోట అదే బలంతో నెట్టాను, అద్దం జరిగింది. నేను చదివింది ఆవిడకు ఎప్పటినుంచో తెలుసు. ఆ తర్వాత చున్నీ తీసేశాను.

ఎనిమిదికి హైదరాబాద్‌లో దిగి నల్గొండ బస్సు పట్టుకుంటే పదింబావుకు చిట్యాల వచ్చింది. బస్టాండు ముందు ముప్పై రూపాయలకు ఇడ్లీ తిన్నాను. అక్కడినుంచి షేర్ ఆటోకు నలభై. నడిపే చాచా ఒక్కదానివే వచ్చావా అని అడిగితే, బాబాయి ముందు ఆటోలో వెళ్లాడని అబద్ధం చెప్పాను. ఆయన నమ్మలేదు. కానీ మా అవ్వ ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్లి, తలుపు తీసేదాకా కదల్లేదు.

నేను చేసిన చెప్పులను అవ్వ అటూ ఇటూ తిప్పి చూసి పకపకా నవ్వింది. "మగ్గం గుంతల చెప్పులేసుకొని దిగుతరానే? నీ ఇంగ్లిష్ బుక్కుల గట్ల రాసిండ్రా?"

నా మొహం మాడిపోయింది. మగ్గం దగ్గర చెప్పులేసుకోకూడదని పుట్టినప్పటి నుంచీ తెలుసు. నేనూ గడప బయటే విప్పి లోపలికొచ్చాను. అయినా నెల రోజులు కష్టపడి చెప్పులే చేశాను. గడియారం పన్నెండు. బాబాయి రెండింటికి వస్తాడు.

చెప్పులు చింపి మోటార్లు తీశాను. గుంతలోకి దిగి, వాటిని ఒక్కో చెక్క అడుగున నూలు తాడుతో బిగించాను. వేడెక్కుతాయేమోనని ముందు నా చెంపకు ఆనించి చూసుకున్నాను, ఎందుకంటే అవ్వ కాలికి కాలినా తెలియదు. మొదట వణుకు ఎక్కువ పెట్టాను. కాళ్లల్లో చీమలు పాకుతున్నట్టుందంటూ అవ్వ వెంటనే రెండు తప్పులు తొక్కింది. తగ్గించాను. ఇంకా తగ్గించాను.

"ఇప్పుడు తెలుస్తుందా అవ్వా?"

"ఏం తెలుస్తలేదు. బందు పెట్టినవా?"

పెట్టలేదు. ఏమీ చెప్పకుండా నేయమన్నాను. పోగును లాక్కెళ్లే నాడె అటూ ఇటూ పరుగెత్తింది. కాసేపటికి అవ్వ తనలో తాను అన్నట్టు, "గిర్ని మళ్ల షురూ అయిందా ఏంది?" అంది.

బాబాయి మగ్గం విప్పడానికి పానాతో వచ్చేసరికి జానెడు బట్ట నేసింది, ఒక్క తప్పు లేదు. ఆయన బట్ట మీద, కింద వేళ్లతో తడిమి చూశాడు. వంగి చెక్కల కింద చూశాడు. పానా జేబులో పెట్టుకుని, "ఈ నెల సూద్దాం" అన్నాడు. తర్వాత ఫోన్ కలిపి నాకిచ్చాడు. అవతల డాడీ.

"నా రెండు ఫోన్లు ఏడున్నయ్?"

"అవ్వ కాళ్ల కింద ఉన్నాయి డాడీ."

డాడీ తర్వాత అడిగింది ఒక్కటే: "పని చేస్తున్నయా?"

జానెడు బట్టతో ఏదీ రుజువు కాదు, అది నాకు తెలుసు. పొరపాటు జరిగిన ప్రతిసారీ గోడ మీద గీత గీస్తానని బాబాయి ఒప్పుకున్నాడు. అవ్వ కాళ్లను దవాఖానలో చూపించాల్సిందే, మోటార్ మందు కాదు. వణుకూ చప్పుడూ అడ్డమని, తీసేయాల్సినవని ఇన్నాళ్లూ అనుకున్నాను. కొలత సరిపోతే, అందనిదాన్ని అందుకోవడానికి అవే సాయం చేస్తాయి. ఎక్కువైతే చెడగొడతాయి, అసలు లేకపోతే ఏదీ కదలదు. మీరు కూడా నేతవాళ్ల ఊరికి వెళ్తుంటే ఒక్క సంగతి. చెప్పులు గడప బయటే విడవండి, ఏదైనా తయారు చేసుకుని తీసుకెళ్లే ముందు, అది వాడే మనిషి ఎలా కూర్చుంటారో అడగండి.