కాటమయ్య గొంతుతో కొలత

నకిరేకల్ దారిలోని ఒక చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కృష్ణకాంత్ పని, లైన్లలో వచ్చే మాట మరీ పెద్దగా గానీ మరీ సన్నగా గానీ వినిపించకుండా దాని స్థాయిని సరిచేయడం. యంత్రం ముందు కూర్చోగానే కళ్లద్దాలు నుదుటి మీదికి తోస్తాడు. కూరలో ఉప్పు సరిచూసేవాడిలా మరను రవ్వంత తిప్పి ఆగుతాడు. స్థాయిని కొలిచే మీటరు ఉన్నా, లైనుకు అవతల మేళ్లచెరువు ఎక్స్ఛేంజిలోని కాటమయ్యతో నాలుగు మాటలు మాట్లాడి చెవితో తేల్చుకోవడమే అతనికి ఇష్టం. చెవి తనకు హాయిగా ఉన్నదాన్నే సరైనదనుకుంటుంది. కాటమయ్య ఏళ్ల తరబడి సిమెంటు ఫ్యాక్టరీ రొదలో పనిచేసి వచ్చినవాడు. పక్కనున్న మనిషితోనూ కేక వేసినట్టే మాట్లాడతాడు. ఆ ఉదయం అతని గొంతుకు సరిపోయేలా కృష్ణకాంత్ స్థాయి తగ్గించాడు.

మధ్యాహ్నం నర్సింగమ్మ చేతిసంచితో లోపలికి వచ్చింది. గుండె ఆపరేషన్ అయి మేళ్లచెరువులో ఉన్న చెల్లెలి మాట పొద్దున ఫోన్‌లో బావి లోతు నుంచి వచ్చినట్టు వినిపించిందట. "దాని పానం పోతాంది సారూ. బస్సెక్కే ముందు ఒక్కసారి మాట్లాడియ్యి."

కృష్ణకాంత్ ముఖం పాలిపోయింది. "పొద్దున నేనే తగ్గించినమ్మా. జర ఆగు." ఈసారి మీటరు తగిలించి, స్థాయి పెంచి, ఫోను కలిపి ఇచ్చాడు.

"ఏందే అక్కా, పొద్దటి సంది గిదే లొల్లి? నేను మంచిగనే ఉన్న. నీకు చెవుడచ్చిందా?"

చెల్లెలి మాట గదంతా వినిపించింది. నర్సింగమ్మ స్టూలు మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. "జర తగ్గియ్యి సారూ, చెవులు పగులుతున్నయి" అంది నవ్వుతూ.

తగ్గించడానికి కృష్ణకాంత్‌కు చేయి రాలేదు.